ల్యుకేమియా చికిత్సలో ఔషధస్పందన పరీక్షలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ల్యుకేమియా రోగికి ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో ప్రయోగశాలలో ముందే తెలుసుకోవాలన్న ప్రయత్నానికి ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. ఈ ప్రయత్నం రెండు పాయలుగా సాగింది. రోగి కణాలను బయటికి తీసి గాజుపాత్రలో మందుకు గురిచేసి చూడడం ఒకటి. చికిత్స మొదలుపెట్టి, రోగి రక్తంలోనూ ఎముక మజ్జలోనూ మిగిలిన వ్యాధికణాలను లెక్కించడం రెండోది. మొదటి పాయకు ఎంతో శాస్త్రీయ శ్రమ వెచ్చించినా రెండోదే వైద్యవిధానంలో ఎందుకు స్థిరపడిందన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ల్యుకేమియా, కీమోథెరపీ, ఔషధ నిరోధకత, అమైనోప్టెరిన్, ప్రెడ్నిసోన్ స్పందన, కనిష్ఠ అవశేష వ్యాధి.

పదిమంది, ఆరుగురు

1948 జూన్ 3న వెలువడిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంచికలో బోస్టన్ బాలల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. తీవ్ర ల్యుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు అమైనోప్టెరిన్ అనే ఫోలిక్ ఆమ్ల నిరోధకాన్ని ఇవ్వగా 10 మందిలో తాత్కాలిక ఉపశమనం కనిపించిందని దాని సారాంశం. ఆ మందు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనలకు అప్పటి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు.

సుబ్బారావు గురించి తెలుగులో రాసేవారి దృష్టి సహజంగా ఆ పదిమంది మీదే నిలుస్తుంది. అంతవరకు ఆ వ్యాధిలో ఏ మందూ అంతమాత్రం ఫలితం చూపలేదు మరి. కాని వైద్యచరిత్ర విద్యార్థి మిగిలిన ఆరుగురి గురించి కూడా అడగవలసి ఉంటుంది. ఒకే వ్యాధి, ఒకే మందు. ఆ ఆరుగురిలో అది ఎందుకు పనిచేయలేదు? పనిచేసిన పదిమందిలోనూ కొన్ని వారాలకో నెలలకో వ్యాధి ఎందుకు తిరగబెట్టింది? ఈ రెండు ప్రశ్నల లోపల మూడోది దాగి ఉంది: తొలి మోతాదు ఇవ్వకముందే ఈ తేడా తెలుసుకునే వీలుందా?

ఫార్బర్ స్వతహాగా పాథాలజిస్టు. మందు ఇచ్చిన తర్వాత ఎముక మజ్జను తీసి సూక్ష్మదర్శిని కింద చూడడం ద్వారానే ఆయన స్పందనను నిర్ధారించాడు. అంటే మందు ఇచ్చి చూడడమే అప్పటికి ఉన్న పరీక్ష. తర్వాతి తరం పరిశోధకులకు ఇది చాలలేదు. పిల్లవాడి శరీరం మీద విషప్రాయమైన మందును ప్రయోగించి తెలుసుకోవడం కంటే, అతని కణాల మీద ప్రయోగించి తెలుసుకోవడం మేలు కదా అన్నది వారి వాదం. నైతికంగా చూస్తే కాదనలేని వాదం అది.

బాక్టీరియా నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన

ఈ వాదానికి బలమిచ్చింది సూక్ష్మజీవశాస్త్రం. రోగి మూత్రం నుంచో చీము నుంచో బాక్టీరియాను పెంచి, ఏ యాంటీబయాటిక్‌కు అది లొంగుతుందో చూసి మందు రాయడం 20వ శతాబ్దం మధ్యకల్లా ఆసుపత్రుల్లో అలవాటైంది. ఇప్పటికీ మన ఊళ్లలో కల్చర్ పరీక్ష అనే మాట విననివారు తక్కువ. క్యాన్సర్ కణాలకు కూడా అదే పద్ధతి ఎందుకు వర్తించకూడదు?

1950ల తొలి సంవత్సరాల్లో న్యూయార్క్‌లో బ్లాక్, స్పీర్ అనే పరిశోధకులు ఈ దిశగా అడుగువేశారు. బతికున్న కణంలోని డీహైడ్రోజినేజ్ ఎంజైములు టెట్రజోలియం లవణాన్ని రంగుగల ఫార్మజాన్‌గా మారుస్తాయి. మందు తగిలాక రంగు తగ్గితే కణాల ప్రాణశక్తి తగ్గిందని అర్థం. సూత్రం సులువైనది. ముప్పై ఏళ్ల తర్వాత ఇదే సూత్రం మరో రూపంలో తిరిగివచ్చిన సంగతి ముందు చూడబోతున్నాం.

ఫోలిక్ ఆమ్ల నిరోధకాల విషయంలో మరో మార్గం తెరుచుకుంది. మెథోట్రెక్సేట్ అడ్డుకునేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమునని 1950ల చివరికి తేలింది. జోసెఫ్ బెర్టినో, సహచరులు 1963లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, మందు తీసుకున్న రోగుల తెల్లరక్తకణాల్లో ఆ ఎంజైము తగ్గడానికి బదులు పెరిగింది. 1969లో హ్రైనియుక్, బెర్టినో రోగుల ల్యుకేమియా కణాల్లో డీఎన్‌ఏ నిర్మాణాన్ని మెథోట్రెక్సేట్ ఎంతమేర ఆపుతుందో కొలిచి, ఆ కొలతను చికిత్సాఫలితంతో పోల్చారు. ఒక నిర్దిష్ట ఔషధం, దాని నిర్దిష్ట లక్ష్యం, ఆ లక్ష్యం దగ్గర కొలత: పరీక్షను ఇంత స్పష్టంగా నిర్వచించిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. అయితే అప్పటికే వైద్యులు ఒక మందు విడిచి మూడు నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక మందుకు ఒక పరీక్ష సిద్ధమయ్యేసరికి చికిత్స దాన్ని దాటిపోయింది.

అగర్ నుంచి బాతు రక్తం దాకా

1977లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ హాంబర్గర్, సిడ్నీ సాల్మన్ మానవ క్యాన్సర్ కణాలను మెత్తటి అగర్‌లో పెంచే పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించారు. కణసమూహాలు ఏర్పడితే మందు ఓడినట్లు, ఏర్పడకపోతే గెలిచినట్లు. మరుసటి ఏడాది మైలోమా, అండాశయ క్యాన్సర్లలో వారు చూపిన ఫలితాలు పెద్ద ఆశ రేకెత్తించాయి. ఆ ఆశ ఎక్కువకాలం నిలవలేదు. 1983లో సెల్బీ, బ్యూక్, టానక్ రాసిన విమర్శ ఆ పద్ధతి బలహీనతలను ఒక్కొక్కటిగా బయటపెట్టింది. పాత్రలో వేసిన కణాల్లో అతికొద్ది మాత్రమే సమూహాలుగా పెరుగుతాయి. చాలామంది రోగుల నమూనాలు అసలే పెరగవు. మొదటినుంచీ అతుక్కుని ఉన్న కణాల ముద్దను కొత్తగా పెరిగిన సమూహంగా పొరపడే ప్రమాదమూ ఉంది. బాక్టీరియా పోలిక ఇక్కడే విరిగింది. బాక్టీరియా పాత్రలో రాత్రికి రాత్రి పెరుగుతుంది. మనిషి క్యాన్సర్ కణానికి పాత్ర పరాయి చోటు.

ల్యుకేమియా కణాల ప్రవర్తన మరీ విచిత్రం. శరీరంలో అదుపు లేకుండా పెరిగే లింఫోబ్లాస్టు కణాలు పాత్రలో చాలావరకు విభజన చెందవు. పైగా మందు లేకపోయినా కొద్దిరోజుల్లో చచ్చిపోతాయి. పెరుగుదలను కొలిచే పరీక్ష ఇటువంటి కణాలకు పనికిరాదు. అదే 1983లో లారీ వైజెంతాల్, సహచరులు ప్రశ్నను తిరగేశారు. కణం పెరిగిందా అని కాక, చచ్చిందా అని అడిగారు. వారి భేదరంజన పద్ధతిలో కణాలను సుమారు నాలుగు రోజులు మందుతో ఉంచి, ఫాస్ట్ గ్రీన్ రంజకం కలుపుతారు. చచ్చిన కణాల్లోకి రంగు చొరబడుతుంది, బతికినవాటిలోకి చొరబడదు. తర్వాత కణాలను గాజుపలక మీద పరిచి మరో రంజకం వేస్తే, బతికినవి ల్యుకేమియా కణాలా, మామూలు కణాలా అన్నది కూడా కంటికి తెలుస్తుంది.

లెక్కకు ఒక ప్రమాణం కావాలి కాబట్టి ప్రతి గొట్టంలో తెలిసిన సంఖ్యలో బాతు ఎర్రరక్తకణాలను కలిపేవారు. పక్షుల ఎర్రకణాలకు కేంద్రకం ఉంటుంది, మనిషివాటికి ఉండదు. అందువల్ల వాటిని గుర్తుపట్టడం సులభం. బాతు కణాలతో పోల్చి బతికిన వ్యాధికణాల నిష్పత్తి కడితే పలక పలకకూ లెక్క తప్పదు. యంత్రాల ప్రమేయం దాదాపు లేని ఈ పద్ధతి పూర్తిగా పరిశీలకుడి కన్ను, ఓపిక మీద ఆధారపడింది. దాని బలమూ అదే, బలహీనతా అదే.

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఆండ్రూ బోసాంకెట్ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి సానపట్టాడు. ప్రయోగశాలలో నిలవ ఉంచిన మందు ద్రావణాలు ఎంతకాలం శక్తి కోల్పోకుండా ఉంటాయన్న చిన్న విషయం మీద ఆయన వరుసగా వ్యాసాలు రాశాడు. ఇది చిన్నదిగా కనిపించే పెద్ద విషయం. సీసాలోనే శక్తి చచ్చిన మందును కణాల మీద పోసి, కణాలు లొంగలేదని రాస్తే ఆ రాత రోగికి శాపమవుతుంది. 1991లో ఆయన లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసం పాత్రలోని ఫలితానికీ, ల్యుకేమియా రోగుల స్పందనకూ మధ్య సంబంధాన్ని చూపింది.

ఆమ్‌స్టర్‌డామ్ పాఠం

1983లోనే టిమ్ మోస్మన్ ఎంటీటీ పరీక్షను ప్రవేశపెట్టాడు. పసుపుపచ్చని టెట్రజోలియం లవణం బతికున్న కణాల్లో ఊదారంగు ఫార్మజాన్‌గా మారుతుంది. బ్లాక్, స్పీర్ పాత సూత్రమే ఇది. తేడా ఏమిటంటే, ఇప్పుడు చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో ఎన్నో మందులను, ఎన్నో గాఢతలను ఒకేసారి పరీక్షించి రంగును యంత్రంతో చదవవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రాబ్ పీటర్స్, అన్యో వీర్మన్ బృందం దీన్ని పిల్లల అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు అన్వయించింది. ప్రెడ్నిసోలోన్, విన్‌క్రిస్టీన్, ఆస్పరాజినేజ్ అనే మూడు మందులకు కణాలు చూపిన నిరోధకతను కలిపి ఒక అంకెగా కడితే, ఆ అంకె పిల్లవాడి భవిష్యత్తును వయసు, తెల్లకణాల సంఖ్య వంటి పాత సూచికలతో నిమిత్తం లేకుండా సూచించగలదని 1990లలో వారు చూపారు. జర్మనీలోని కోయాల్ 06-97 చికిత్సా ప్రణాళిక ఈ అంకెను ఆధారంగా తీసుకుని పిల్లలను వర్గీకరించింది. గాజుపాత్ర చెప్పిన మాటను నమ్మి చికిత్సను నిర్ణయించిన అరుదైన సందర్భం అది.

అయినా పరిమితులు వెంటాడాయి. ప్రెడ్నిసోన్ కాలేయంలో ప్రెడ్నిసోలోన్‌గా మారాకే పనిచేస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్‌ది కూడా అదే తీరు. పాత్రలో కాలేయం లేదు. కాబట్టి మారిన రూపాన్నే తెచ్చి వాడాలి. అన్నిటికంటే వ్యంగ్యమైన విషయం మరొకటుంది. ల్యుకేమియా చికిత్సకు ఆద్యమైన ఔషధకుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌కు ఎంటీటీ పరీక్ష పనికిరాలేదు. డీఎన్‌ఏ నిర్మాణాన్ని ఆపే మందు ప్రభావం, విభజన చెందని కణాల్లో నాలుగు రోజుల్లో ఎలా బయటపడుతుంది? దానికోసం థైమిడైలేట్ సింథేజ్ చర్యను కొలిచే వేరే పరీక్షను ఆశ్రయించవలసి వచ్చింది.

మెథోట్రెక్సేట్ రహస్యం కొంతవరకు క్రోమోజోముల్లో దొరికింది. 50కి పైగా క్రోమోజోములున్న ల్యుకేమియా కణాలు మెథోట్రెక్సేట్‌ను పాలీగ్లుటమేట్ల రూపంలో ఎక్కువగా పోగుచేసుకుంటాయని వైట్‌హెడ్, సహచరులు 1992లో చూపారు. ఫోలేటును కణంలోకి చేరవేసే వాహకం తాలూకు జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. ఈ రకం కణాల్లో ఆ క్రోమోజోము అదనపు ప్రతులు తరచుగా కనిపిస్తాయి. అటువంటి పిల్లలు బాగా కోలుకుంటారన్నది అప్పటికే తెలిసిన సంగతి. కారణం ఇప్పుడు కొంత తెలిసింది. ఫార్బర్ పదిమందికీ ఆరుగురికీ మధ్య తేడాలో ఇటువంటివి కొన్ని ఉండి ఉండవచ్చని ఊహించడం తప్పు కాదు. నిరూపించడం మాత్రం సాధ్యం కాదు.

అంకెలు చెప్పే మాట

పాత్రలోని పరీక్షలు ఒక విషయంలో నిలకడగా ఉన్నాయి: ఏ మందు పనిచేయదో చెప్పినంత బాగా, ఏది పనిచేస్తుందో అవి చెప్పలేవు. పాత్రలో మందును తట్టుకున్న కణం శరీరంలో కూడా తట్టుకునే అవకాశం ఎక్కువ. పాత్రలో లొంగిన కణం మాత్రం శరీరంలో మజ్జలోని ఇరుగుపొరుగు కణాల అండతో బతికిపోవచ్చు.

దీనికి తోడు గణాంకపరమైన చిక్కు ఒకటుంది. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. వందమంది రోగుల్లో 70 మంది ఒక చికిత్సకు స్పందిస్తారనుకుందాం. స్పందించేవారిలో 90 శాతాన్ని, స్పందించనివారిలో 60 శాతాన్ని పరీక్ష సరిగ్గా గుర్తిస్తుందనుకుందాం. అప్పుడు పరీక్ష 75 మందిని లొంగేవారని చెబుతుంది; వారిలో 63 మందికి ఆ మాట నిజమవుతుంది. అంటే 84 శాతం. పరీక్ష లేకుండానే మనకు తెలిసినది 70 శాతం. ఇక లొంగరని చెప్పిన 25 మందిలో 18 మందికి అది నిజం, ఏడుగురికి అబద్ధం. ఆ ఏడుగురికి మందు నిరాకరిస్తే? చేతిలో వేరే మంచి మందు ఉంటేనే ఆ ప్రమాదానికి అర్థం ఉంటుంది. లేనప్పుడు పరీక్ష చెడువార్తను ముందుగా చేరవేసే వార్తాహరుడు మాత్రమే.

పరీక్షను ఆధారం చేసుకుని మందు మారిస్తే రోగి ఎక్కువకాలం బతుకుతాడా? ఈ ప్రశ్నకు జవాబు యాదృచ్ఛిక కేటాయింపుతో కూడిన ప్రయోగంలోనే దొరుకుతుంది. బ్రిటన్‌లో 777 మంది క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా రోగులతో జరిగిన సీఎల్ఎల్-4 ప్రయోగంలో భాగంగా ఆ ప్రశ్నను నేరుగా అడిగారు. తొలి చికిత్స ఫలించనివారికి, వ్యాధి తిరగబెట్టినవారికి రెండో చికిత్సను ఎంపిక చేయడానికి కొందరిలో బోసాంకెట్ పద్ధతిని, కొందరిలో మామూలు పద్ధతిని పాటించారు. 2013లో వెలువడిన ఫలితం నిరాశ కలిగించింది. పరీక్షకు రోగి గతిని సూచించే శక్తి ఉన్నా, దాని మార్గదర్శనంలో చికిత్స పొందినవారికి ఆయుర్దాయం పెరగలేదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2004లోనూ, మళ్లీ 2011లోనూ ఇటువంటి పరీక్షలను పరిశోధనల పరిధి దాటి వాడవద్దనే సూచించింది.

ఎనిమిదో రోజు

ఈ శ్రమ అంతా సాగుతుండగానే జర్మనీలో హాన్స్‌యోర్గ్ రీమ్ నాయకత్వంలోని బీఎఫ్ఎం బృందం మరో దారిలో నడిచింది. 1983 నాటి ప్రణాళికలో పిల్లలకు మొదటి ఏడు రోజులు ప్రెడ్నిసోన్, వెన్ను ద్రవంలోకి ఒక మోతాదు మెథోట్రెక్సేట్ మాత్రమే ఇచ్చారు. ఎనిమిదో రోజున రక్తంలో మిగిలిన బ్లాస్ట్ కణాలను లెక్కించారు. మైక్రోలీటరుకు 1000 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మంద స్పందన. సుమారు 10 శాతం పిల్లలు ఈ వర్గంలోకి వచ్చారు. వారిలో వ్యాధి తిరగబెట్టడం చాలా ఎక్కువ. గాజుపాత్ర అవసరం లేదు, నాలుగు రోజుల కల్చర్ లేదు, బాతు రక్తం లేదు. కావలసిందల్లా ఒక రక్తపు పూత, రంజకం, సూక్ష్మదర్శిని, లెక్కపెట్టడం తెలిసిన ఒక మనిషి. కాలేయం, మజ్జ, మందు శోషణ అన్నీ తమతమ చోట్ల ఉండగానే జరిగే పరీక్ష ఇది. ఫార్బర్ చేసినది కూడా ఇటువంటిదే. తేడా క్రమశిక్షణలో ఉంది: ఏ రోజున కొలవాలి, గీత ఎక్కడ గీయాలి అన్నవి ముందే నిర్ణయమయ్యాయి.

ఈ కొలతకూ లోటుంది. మంద స్పందన చూపేవారు తక్కువమంది కాబట్టి, వ్యాధి తిరగబెట్టిన పిల్లల్లో ఎక్కువమంది మంచి స్పందన చూపిన వర్గం నుంచే వచ్చారు. మరింత లోతుగా చూడాలి. వ్యాధి నిర్ధారణనాటికి శరీరంలో సుమారు లక్షకోట్ల ల్యుకేమియా కణాలు ఉంటాయని అంచనా. సూక్ష్మదర్శిని కింద మజ్జలో 5 శాతం కంటే తక్కువ బ్లాస్ట్‌లు కనిపిస్తే ఉపశమనం అనేవారు. అప్పటికీ వెయ్యికోట్ల దాకా వ్యాధికణాలు దాగి ఉండవచ్చు. ఆ దాగినవాటిని పదివేల కణాల్లో ఒకటి ఉన్నా పట్టుకునే పద్ధతులు 1990లలో పరిణతి చెందాయి. ప్రతి రోగి ల్యుకేమియా కణాల్లో ప్రత్యేకంగా ఉండే జన్యు పునర్విన్యాసాన్ని పీసీఆర్‌తో గుర్తించడం ఒకటి, కణాల ఉపరితల గుర్తులను ఫ్లో సైటోమెట్రీతో చదవడం మరొకటి. 1998లో ఈ విషయమై మూడు ముఖ్యమైన వ్యాసాలు వెలువడ్డాయి. వాటిలో వాన్ డోంగెన్ బృందం 240 మంది పిల్లలను పరిశీలించింది. రెండు నిర్ణీత సమయాల్లో అవశేష వ్యాధి కనిపించని పిల్లల్లో మూడేళ్లలో తిరగబెట్టినవారు 2 శాతం. రెండుసార్లూ ఎక్కువగా కనిపించినవారిలో 75 శాతం. గాజుపాత్రలోని పరీక్ష ఏదీ ఇంతటి అంతరాన్ని చూపలేదు.

బ్రిటన్‌లోని యూకేఏఎల్ఎల్ 2003 ప్రయోగం తర్వాతి మెట్టు ఎక్కింది. అవశేష వ్యాధి తక్కువగా ఉన్న 521 మంది పిల్లలను రెండు వర్గాలుగా విభజించి ఒక వర్గానికి చికిత్స తగ్గించగా నష్టం కలగలేదని 2013లో తేలింది. అవశేష వ్యాధి ఎక్కువగా ఉన్నవారికి చికిత్స తీవ్రత పెంచగా మేలు జరిగిందని 2014లో తేలింది. సీఎల్ఎల్-4లో దక్కని జవాబు ఇక్కడ దక్కింది. నా దృష్టిలో ఈ చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. పరీక్షల్లో ఏది ఎక్కువ కచ్చితం అన్న వివాదాన్ని పక్కనబెట్టి, పరీక్ష చెప్పింది విని మనం చేసిన పని రోగికి ఉపయోగపడిందా అన్నదే కొలమానమైంది. అయితే దీనికి చెల్లించిన మూల్యాన్ని మరువరాదు. ఇది జోస్యం కాదు. రోగి తొలి వారాల విషాన్ని భరించిన తర్వాతే ఈ కొలత లభిస్తుంది.

మనదేశంలో ఈ పద్ధతులు జంటగా వచ్చాయి. పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాపై పలు భారతీయ కేంద్రాలు కలిసి చేపట్టి, 2015లో నమోదు చేసిన ఐసికిల్ ప్రయోగం ఎనిమిదో రోజు ప్రెడ్నిసోన్ స్పందనను, తొలిదశ చివరి అవశేష వ్యాధి కొలతను, కణజన్యు పరీక్షలతో కలిపి వాడింది. ఫ్లో సైటోమీటరు లేని జిల్లా ఆసుపత్రిలో కూడా ఎనిమిదో రోజు లెక్క సాధ్యమే. తెలుగు ప్రాంతాల వైద్యవిద్యలో ఈ చవకైన పరీక్షకు దక్కవలసిన ప్రాముఖ్యం గురించి వేరుగా రాయవలసి ఉంది.

తిరిగి గాజుపాత్ర వైపు

గాజుపాత్ర కథ అంతటితో ముగియలేదు. మందుల సంఖ్య పెరగడం దానికి మళ్లీ ప్రాణం పోసింది. ఎంచుకోవడానికి పది మందులున్నప్పుడే ముందుగా తెలుసుకోవడానికి విలువ. 2018లో బీట్ ఏఎంఎల్ బృందం 562 మంది మైలాయిడ్ ల్యుకేమియా రోగుల నుంచి సేకరించిన 672 నమూనాల జన్యుసమాచారాన్నీ, 122 మందుల మీద చేసిన పరీక్షల ఫలితాలనూ నేచర్‌లో ప్రకటించింది. 2023లో సెయింట్ జూడ్ ఆసుపత్రి బృందం లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ఉన్న 805 మంది పిల్లల కణాల స్పందనను 18 మందులకు కొలిచి, జన్యురకాలతోనూ అవశేష వ్యాధితోనూ పోల్చింది. ఒంటరిగా ఉంచితే చచ్చిపోయే కణాలకు మజ్జ ఆధారకణాల తోడు కల్పించడం ఈ తరం పద్ధతుల్లో కనిపించే మార్పు. విడిపోయి సాగిన రెండు పాయలు ఒకే పట్టికలో పక్కపక్కన చేరాయి.

వియన్నాలో జరిగిన ఎగ్జాల్ట్ అధ్యయనంలో అన్ని చికిత్సలూ విఫలమైన రక్తక్యాన్సర్ రోగుల కణాలను మందులతో ఉంచి, సూక్ష్మదర్శిని చిత్రాలను కంప్యూటరుతో చదివారు. ఆ ఫలితాన్ని అనుసరించి చికిత్స పొందిన 56 మందిలో 30 మందికి, వ్యాధి అదుపులో ఉన్న కాలం వారి అంతకుముందరి చికిత్సలో కంటే కనీసం 1.3 రెట్లు పెరిగింది. ఇక్కడ పోలిక రోగి గతంతోనే. వేరే వర్గంతో కాదు. అందుకే దాని తర్వాతి ప్రయోగం ఎగ్జాల్ట్-2ను యాదృచ్ఛిక కేటాయింపుతో రూపొందించారు. కణాలపై మందుల పరీక్షను అనుసరించి చికిత్స, జన్యువిశ్లేషణను అనుసరించి చికిత్స, వైద్యుడి ఎంపికను అనుసరించి చికిత్స: ఈ మూడింటినీ అందులో ఒకదానితో ఒకటి పోలుస్తున్నారు.